జున్ చికుమానా, టిమ్ ఫాలినా: పాత గేమ్ పాటల్లో ఎవరిది మేలు?

తిరుపతి కొర్లగుంటలో మా వీధి చివర ఒక వీడియో గేమ్ కొట్టు ఉండేది. రెండు పోర్టబుల్ టీవీలు, వాటికి తగిలించిన రెండు గేమ్ డబ్బాలు, బటన్లు అరిగిపోయిన రిమోట్లు, గంటకు ఇంత అని లెక్క. అక్కడ ఆడిన మా ఈడు వాళ్లను ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా బాంబుల గేమ్ పాట నోటితో వాయించి చూపిస్తారు. అది కట్టిందెవరు అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. మారియోకు పాట కట్టిన కోజీ కొండో సంగతి వేరు, 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు పదిలంగా దాచాల్సిన రికార్డింగుల జాబితాలో ఆ పాటను చేర్చారు, ఒక గేమ్ పాటకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆయనకు పేరు చాలు, పక్కన పెడదాం.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మన ఊళ్లో అన్నమయ్య కీర్తన వినపడని వీధి లేదు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయే గానీ స్వరాలు లేవు, మరి మనం పాడుకునే వరసలు కట్టిందెవరంటే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి అని టక్కున చెప్పేవాళ్లు ఎంతమంది? గేమ్‌ల దగ్గర ఇంకో అన్యాయం కూడా ఉంది. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు చాలావరకు, పోటీవాళ్లు మనుషుల్ని ఎగరేసుకుపోతారనే భయంతో, చివర్లో వచ్చే పేర్లలో ముద్దుపేర్లే వేయించేవి.

సరే, ఇలా గుర్తింపు దక్కని వాళ్ల పోటీలోకి వద్దాం. ఒకవైపు జున్ చికుమా. హడ్సన్ అనే జపాన్ కంపెనీ వాళ్ల బాంబర్‌మ్యాన్ (1985), అడ్వెంచర్ ఐలాండ్ (1986), అంటే మన బాంబుల గేమ్, టోపీ పెట్టుకుని గొడ్డళ్లు విసురుకుంటూ పరిగెత్తే గేమ్, రెండింటి సంగీతం ఆవిడదే. అవును, ఆవిడ. నాకే చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంకోవైపు టిమ్ ఫాలిన్, 1970లో పుట్టిన ఇంగ్లండ్ కుర్రాడు, మీసాలు సరిగ్గా రాకముందే గేమ్‌లకు పాటలు కట్టడం మొదలుపెట్టాడు. అతను పాటలు కట్టిన గేమ్‌లు సిల్వర్ సర్ఫర్, సోల్‌స్టిస్ రెండూ 1990లో వచ్చాయి. మా కొట్టులో ఆ క్యాసెట్లు నేనెప్పుడూ చూడలేదు, ఇంటర్నెట్ వచ్చాకే విన్నాను.

ఇద్దరికీ దొరికిన వాయిద్యం ఒక్కటే. ఈ గేమ్‌లు ఆడే నింటెండో అనే జపాన్ కంపెనీ డబ్బాలో ఐదు గొంతులు: పాట పాడటానికి రెండు, కింద బేస్‌కు ఒకటి (దాని వాల్యూమ్ తగ్గించడం, పెంచడం కుదరదు, మోగుతుంది లేదా ఊరుకుంటుంది), డ్రమ్ముల కోసం బుస్సుమనే శబ్దం ఒకటి, రికార్డు చేసిన చిన్న ముక్కలు వాయించడానికి ఇంకొకటి. మధ్యలో బాంబు పేలితే ఆ చప్పుడు కూడా వీటిలోంచే రావాలి, కాబట్టి పాటలో ఒక గొంతు ఆ క్షణం నోరు మూసుకుంటుంది.

సత్తా సంగతికొస్తే ఫాలిన్‌తో ఎవరూ తూగరు, ఇందులో వాదన లేదు. నింటెండోకు రాకముందు అతను స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ మీద పనిచేశాడు. అందులో స్పీకరుకు తెలిసింది రెండే, ఆన్, ఆఫ్. ప్రాసెసర్ చేత దాన్ని చకచకా ఆన్ ఆఫ్ చేయించి ఒకేసారి చాలా స్వరాలు మోగుతున్నట్టు భ్రమ కల్పించాడు. 1987 నాటి క్రోనోస్ అనే గేమ్ పాట వింటే ఆ డొక్కు స్పీకరు మీద జాలేస్తుంది. సోల్‌స్టిస్ అయితే ఇంకా గడుసుతనం: పిల్లల బొమ్మలోంచి వచ్చినట్టు అమాయకంగా మొదలవుతుంది, ఇంతేనా అనుకునేలోపు ఆర్గన్లు, డ్రమ్ములు కట్టలు తెంచుకుని మీద పడతాయి. సిల్వర్ సర్ఫర్‌లో ఒకే గొంతుతో మూడు స్వరాలను కళ్లు మూసి తెరిచేలోపు తిప్పి తిప్పి తీగవాద్యం మీటినట్టు వినిపించాడు.

కానీ ఆ గేమ్‌లో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. గోడకు తగిలినా సరే. అంత పాట కడితే ఆడేవాడు వినేది మొదటి నిమిషం, మళ్లీ మొదటి నిమిషం, మళ్లీ అదే! పాట ఒక దారి, ఆట ఒక దారి.

చికుమా దగ్గర అది జరగదు. బాంబర్‌మ్యాన్‌లో 50 స్టేజీలు, ఒక్కోదానికి 200 నుంచి కిందికి దిగే గడువు లెక్క, వాటన్నిటికీ తిరిగి తిరిగి వచ్చేవి పిడికెడు చిన్న ముక్కలు. చిన్న ముక్క కట్టడం తేలికనుకుంటాం గానీ వందోసారి విన్నా విసుగు పుట్టకుండా కట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. నా లెక్కలో ఆవిడ కిటుకు ఏమిటంటే, ఆ వరస ఎక్కడా పూర్తయినట్టు అనిపించదు, చివరి స్వరం దగ్గర ఆగితే ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది, అందుకే తిరిగి మొదటికి వచ్చినా కొనసాగుతున్నట్టే వింటాం. పైగా మా కొట్టు టీవీలో బేస్ అసలు వినపడేదే కాదు, పైన ఫ్యాను కరకర, పక్క టీవీ ముందు 'నా ఛాన్సు, ఇయ్యిబ్బా' అని గొడవ, ఇంత గోలలోనూ ఆ వరస చెవిలో పడేది. ఫాలిన్ పాట అక్కడ పెట్టి ఉంటే సగం గాల్లో కలిసిపోయేది.

ఇంకో మాట చెబితే బాధపడతారేమో. మనం విన్నది అసలు పాట కూడా కాదు. మన టీవీల 50 హెర్ట్జ్‌కు (సెకనుకు 50 సార్లు బొమ్మ మారడం, జపాన్‌లో అది 60) తగ్గట్టు చేసిన నకిలీ నింటెండో డబ్బాల్లో శ్రుతి దాదాపు అదే ఉన్నా నడక ఆరో వంతు నెమ్మదిస్తుంది, చాలా నకిలీ చిప్పుల్లో పాట గొంతుల తీరు కూడా తారుమారయింది. జపాన్ పిల్లలు విన్న బాంబర్‌మ్యాన్ పెట్టుకుంటే నాకు ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. అయినా పాట చెడలేదు. నెమ్మదిగా పాడినా, గొంతు మారినా నిలబడింది, దానికి నా దగ్గర మార్కులు ఎక్కువ.

ఇంకో పాత గేమ్ పాటల మనిషి హిరోకజు తనాకా ఏమయ్యాడు అంటారా? మెట్రాయిడ్ (1986) అనే గేమ్ కోసం ఆయన కావాలనే కూనిరాగం తీయడానికి వీల్లేని సంగీతం చేశాడు, పాటకూ చప్పుడుకూ మధ్య గీత చెరిపేశాడు. గొప్ప పనే. రాత్రిపూట ఒంటరిగా వినండి. తర్వాత పోకెమాన్ కార్డుల క్రీచర్స్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు కాబట్టి ఆయన్ను తక్కువ గుర్తింపు లెక్కలో వేయడానికి నాకు మనసొప్పదు.

మొన్న చిత్తూరు పోతూ బస్సులో పరీక్ష పెట్టాను. సిల్వర్ సర్ఫర్ ఒకే పాట మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టుకుంటే చంద్రగిరి దాటేసరికి తల వేడెక్కింది, తీసేశాను. బాంబర్‌మ్యాన్ పెట్టి మరిచిపోయాను, పాకాల వెళ్లాక గుర్తొచ్చింది ఇంకా మోగుతూనే ఉందని. కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి నోరెళ్లబెట్టాలంటే ఫాలిన్, రోజూ కావాలంటే చికుమా, ఒక్కరినే ఎంచుకోమంటే నా ఓటు చికుమాకే.

పక్క సీట్లో మా అక్క కొడుకు రెండూ విన్నాడు. 'మామా, నీ బాంబుల పాట లిఫ్ట్‌లో వచ్చేదాని మాదిరి ఉండాది, ఆ రెండోది పంపు' అని ఫోన్ లాక్కున్నాడు.