జ్ఞాపకశక్తికి స్పెర్మిడిన్ గుళికలు: డబ్బా మీది మాట, మెదడులోని లెక్క

గత వేసవిలో మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించి మా అమ్మ చేతిలో పెట్టిన స్పెర్మిడిన్ గుళికల డబ్బా, రోజుకొకటి చొప్పున సరిగ్గా తొంభై రోజులకు ఖాళీ అయింది. ఖరీదు 2,850 రూపాయలు. స్పెర్మిడిన్ అంటే మన కణాల్లోనూ తిండిలోనూ ఉండే, పాలీఅమీన్లు అనే నైట్రోజన్ అణువుల కుటుంబానికి చెందిన పదార్థం. అమ్మకు 74 ఏళ్లు; బీరువా తాళాలు ఎక్కడ పెట్టిందో మరచిపోతోందన్న బెంగతో వాడు కొన్నాడు. ముప్పై ఏళ్లుగా వైద్య కళాశాలలో జీవరసాయనశాస్త్రం చెబుతున్నవాణ్ని కాబట్టి, మొదటి గుళిక వేయించే ముందు డబ్బా చుట్టూ ఉన్న అక్షరాలన్నీ చదివాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే మాట ముద్రించుకున్న డబ్బాలు బజారులో మరికొన్ని ఉన్నాయి, నా పేచీ ఆ మాటతోనే.

మెదడు కణాల్లో స్పెర్మిడిన్ నిల్వలను పెంచి జ్ఞాపకశక్తిని నిలబెడుతుందని ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంది. వైద్య అవసరాలకు కాదన్న వాక్యం వెనక అడుగున, భూతద్దం ఉంటే గాని చదవలేనంత చిన్నగా ఉంది. పక్కనున్న పట్టిక ప్రకారం గుళికకు 400 మిల్లీగ్రాముల గోధుమ బీజపు సారం, అందులో 1 మిల్లీగ్రాము స్పెర్మిడిన్. ఒక గుళిక విప్పి తెల్లకాగితం మీద పోసి చూస్తే లేత గోధుమరంగు పొడి, వేయించిన పిండి వాసన వచ్చాయి. అమ్మ చిటికెడు నాలుక మీద వేసుకుని "సత్తుపిండేగా నాయనా" అంది. స్వచ్ఛమైన పాలీఅమీన్లయితే ముక్కు మూసుకోవాల్సినవే. అదే కుటుంబంలోని పుట్రెసిన్ పేరే కుళ్లు అన్న అర్థంలోంచి వచ్చింది. మరో పాలీఅమీన్ అయిన స్పెర్మిన్ స్ఫటికాలను 1678లో సూక్ష్మదర్శిని నిపుణుడు లీవెన్‌హుక్ వీర్యంలో చూశాడు.

ఇక డబ్బా చెప్పని సంగతి. మెదడు కణం తనకు కావలసిన పాలీఅమీన్లను చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుట్రెసిన్, దాని నుంచి స్పెర్మిడిన్, దాని నుంచి స్పెర్మిన్ వస్తాయి. మొదటి మెట్టును నడిపే ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము క్షీరదాల కణాల్లో అతి తక్కువ కాలం బతికే ప్రోటీన్లలో ఒకటి, దాని అర్ధాయువు, అంటే సగం కరిగిపోయే కాలం, 10 నుంచి 30 నిమిషాలే. కణంలో పాలీఅమీన్లు పెరిగాయంటే, యాంటీజైమ్ అనే ప్రోటీన్ తయారీ సందేశాన్ని చదువుతున్న రైబోసోము (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ఒకచోట ఒక అక్షరం ముందుకు జారుతుంది. ఆ జారుడు జరిగితేనే పూర్తి యాంటీజైమ్ తయారవుతుంది. అది ఆ ఎంజైమును పట్టుకుని, పారేయాల్సిన ప్రోటీన్లకు మామూలుగా వేసే యుబిక్విటిన్ ముద్ర కూడా లేకుండానే ప్రోటియాసోము అనే కణపు చెత్తయంత్రానికి అప్పగించి ముక్కలు చేయిస్తుంది. అంతటితో ఆగక, బయటి నుంచి కణంలోకి పాలీఅమీన్లు వచ్చే దారిని కూడా అణచివేస్తుంది. పాఠం చెప్పేటప్పుడు నేను ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే సరుకు నిండగానే తన దుకాణాన్నే కాదు, ఊరి సంతను కూడా మూయించే కావలివాడు జీవరసాయనంలో మరొకడు నాకు కనబడలేదు. అప్పటికీ మిగిలినదాన్ని ఎసిటైల్ అనే చిన్న రసాయన తోక తగిలించి బయటికి పంపే ఎంజైము, ఆక్సీకరించే ఎంజైములు వేరే ఉన్నాయి. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అవరోధం పెద్దవాళ్లలో పాలీఅమీన్లను అంత తేలిగ్గా దాటనివ్వదు కూడా.

ఇంత కట్టడి ఊరికే లేదు. స్పెర్మిన్ కొన్ని పొటాషియం మార్గాలను, కాల్షియంను లోపలికి వదిలే ఆంపా గ్రాహకాలను (నాడీ సంకేతాలను అందుకునే ప్రోటీన్లను) కణం లోపలి నుంచి మూస్తుంది; అలాంటివే అయిన ఎన్‌ఎండీఏ గ్రాహకాల పనిని బయటి నుంచి పెంచగలదు. పాలీఅమీన్లు విరిగేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్, అక్రోలీన్ వంటి విషాలు పుడతాయి. మెదడుకు రక్తం అందనప్పుడు పుట్రెసిన్ పెరగడం జంతువుల్లో పదేపదే చూసినదే. స్నైడర్-రాబిన్సన్ సిండ్రోమ్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బులో, స్పెర్మిన్‌ను తయారుచేసే స్పెర్మిన్ సింథేజ్ లోపం వల్ల స్పెర్మిన్ తగ్గి, దానితో పోలిస్తే స్పెర్మిడిన్ మిగులుతుంది, ఆ జబ్బున్న మగపిల్లల్లో బుద్ధిమాంద్యం కనిపిస్తుంది. కణంలో చెత్తను జీర్ణంచేసే లైసోసోముల నుంచి పాలీఅమీన్లను బయటికి తోడే ఏటీపీ13ఏ2 ప్రోటీన్ చెడితే చిన్న వయసులోనే పార్కిన్సన్ లక్షణాలు వస్తాయి. ఆ ప్రోటీన్ చేసే పని ఇదేనని 2020లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు చూపారు. మెదడుకు కావలసింది ఎంత ఎక్కువైతే అంత మేలన్న సరుకు కాదిది, తూకం తప్పకూడని సరుకు.

డబ్బాలో మడతపెట్టి ఉన్న కరపత్రం ఈగల మీద 2013లో వచ్చిన ఫలితాన్ని, ఎలుకల మీద 2021లో వచ్చిన ఫలితాన్ని బొమ్మలతో సహా వేసింది. అవి మంచి పరిశోధనలే, వాటిని తక్కువ చేయను. కానీ బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి వారు 100 మంది వృద్ధుల్లో దాదాపు సగం మందికి 12 నెలలపాటు రోజుకు 0.9 మిల్లీగ్రాముల స్పెర్మిడిన్, మిగతావారికి ఉత్తుత్తి గుళిక ఇచ్చి, 2022లో ప్రకటించిన ఫలితం మాట అందులో లేదు. ఉత్తుత్తి గుళిక తీసుకున్నవారికీ వీరికీ జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మోతాదు మన డబ్బాలోని మోతాదుకు దాదాపు సమానం కాబట్టి కొనేవాడికి అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన కబురు అదే. పైగా 2023లో వచ్చిన మరో చిన్న పరిశీలనలో ఆరోగ్యవంతులు రోజుకు 15 మిల్లీగ్రాములు తీసుకున్నా రక్తంలో స్పెర్మిడిన్ పెరగలేదు, పెరిగింది స్పెర్మిన్.

సరుకుగా చూస్తే డబ్బా నాసిరకం కాదు. మూత బిగువుగా ఉంది, తేమ పీల్చే పొట్లం ఉంది, చెప్పిన రోజుకే చేరింది, అమ్మకు కడుపులో ఏ ఇబ్బందీ కలగలేదు. తాళాలు ఇప్పటికీ వెతుకుతోంది. ఒక్క మనిషిని చూసి దాని మీద తీర్పు చెప్పను. నాకు కోపం తెప్పించింది మరొకటి. ఈ బ్యాచ్‌లో స్పెర్మిడిన్ ఎంతుందో కొలిచిన ప్రయోగశాల నివేదిక పంపమని కంపెనీకి రాస్తే, రెండు వారాల తరవాత అదే కరపత్రాన్ని, తరువాతి డబ్బా మీద పదిహేను శాతం తగ్గింపు కోడును పంపారు. గోధుమ పడనివారికి చేసిన హెచ్చరిక కూడా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారి గురించి అసలు మాటే లేదు. కణితులు పెరగడానికి పాలీఅమీన్లు తోడ్పడతాయి. వాటి తయారీని అడ్డుకునే ఎఫ్లోర్నిథిన్ అనే మందును, పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడటానికి అమెరికా 2023 డిసెంబరులో అనుమతించింది. అలాంటివారు డాక్టరును అడగకుండా ఈ డబ్బా ముట్టకూడదు.

ధర లెక్క వేస్తే డబ్బా మొత్తానికి 90 మిల్లీగ్రాముల స్పెర్మిడిన్. ఐరోపా భోజనాల అంచనాల్లో మామూలు తిండితోనే రోజుకు 10 మిల్లీగ్రాముల చుట్టుపక్కల అందుతుంది, అంటే 2,850 రూపాయలకు దొరికింది తొమ్మిది రోజుల భోజనంలో ఎలాగూ ఉండేదే. సోయా, పుట్టగొడుగులు, బఠాణీలు, గోధుమ బీజం, వీటిలో అది బాగానే ఉంటుంది.

అయిదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను, అవి రెండూ ప్యాకింగుకే. మేనల్లుడికి తెలియకుండానే నెలనెలా డబ్బా పంపే పథకంలో వాడి పేరు చేరిపోయింది. దాన్ని రద్దు చేయించడానికి మూడుసార్లు ఫోను చేయాల్సి వచ్చింది, కొనేటప్పుడు ఆ గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది, తీసేసి మరీ డబ్బు కట్టండి.