స్పీకరు వైర్లు: కంపెనీవి కొనడమా, సొంతంగా చేసుకోవడమా – ఏది మేలు?

ఆంప్లిఫైయరును, స్పీకర్లను విడివిడిగా కొని ఇంట్లో అమర్చుకుంటున్నవారు నెల్లూరు మొదలుకొని ఒంగోలు దాకా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. వైర్లు కంపెనీవి కొనాలా, లేక ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన రాగి వైరు తెచ్చి మనమే చేసుకోవచ్చా? ఇటీవల మా గదిలో స్పీకర్లను ఎదుటి గోడ వైపుకు మార్చవలసి వచ్చినప్పుడు నేను రెండో దారినే ఎంచుకున్నాను. అయితే అన్ని రకాల వైర్లకూ అదే సలహా ఇవ్వను.

లోహం సంగతి త్వరగా తేలిపోతుంది. 1 స్క్వేర్ ఎం.ఎం. (లోహపు అడ్డుకోత వైశాల్యం, అంటే వైరు లావు) రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.0172 ఓమ్. స్పీకరు 7 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 14 మీటర్లు కాబట్టి, 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు వాడినప్పుడు మొత్తం నిరోధం 0.16 ఓమ్ అవుతుంది. 8 ఓమ్‌ల స్పీకరుకు అది 2 శాతం. స్పీకరు ఓమ్‌లలో 5 శాతం లోపు ఉంటే చాలునన్నది వాడుకలో ఉన్న లెక్క. 4 ఓమ్‌ల స్పీకరైతే ఇదే వైరు 4 శాతానికి చేరుతుంది గనుక 2.5 తీసుకోవడం మంచిది. రోహిణీ కార్తెలో గది 40 డిగ్రీలకు వేడెక్కితే రాగి నిరోధం 20 డిగ్రీలప్పటి కంటే దాదాపు 8 శాతం పెరుగుతుంది గానీ, ఆ 0.16 కాస్తా 0.17 అవుతుందంతే. ఆక్సిజన్ లేని రాగి, వెండి పూత వంటి మాటలకు ఎక్కువ ధర పెట్టడానికి ఈ లెక్కలో నాకు చోటు కనిపించలేదు.

అసలు రాగేనా అన్నది మాత్రం తప్పక చూసుకోవాలి. తక్కువ ధరకు దొరికే స్పీకరు వైర్లలో చాలావరకు అల్యూమినియం పోగులకు రాగి పూత పూసినవే. వాటి వాహకత్వం రాగిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే కాబట్టి, పైన 2.5 అని ఉన్నా పని 1.6 రాగి వైరంతే చేస్తుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, చుట్టను చేత్తో ఎత్తితే తేలికగా ఉంటుంది. ఇంటి వైరింగుకు వాడే మల్టీస్ట్రాండ్ రాగి వైరు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, ఐ.ఎస్. 694 అన్న సంఖ్య అచ్చువేసి ఉంటాయి. ఎరుపు ఒకటి, నలుపు ఒకటి తీసుకొని మెలిపెట్టుకుంటే మంచి స్పీకరు వైరు సిద్ధమైనట్లే. అయితే అది కరెంటు వైరని మరొకరు పొరబడకుండా రెండు కొనల దగ్గరా చీటీ అంటించడం, కరెంటు పైపుల్లో దాన్ని కలిపి లాగకపోవడం అవసరం.

మన జిల్లాల్లో ఏది మేలో తేల్చేది, నా దృష్టిలో, వైరు పొడవునా ఉన్న లోహం కాదు, దాని కొనలు. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్ల సంగతి చెప్పనక్కర లేదు. నెల్లూరులోనూ, ఒంగోలులోనూ ఉప్పు కలిసిన గాలి, దాని మీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, ఇన్సులేషన్ ఒలిచిన రాగి పోగులకు చిలుము పట్టిస్తాయి. పారదర్శకమైన తొడుగున్న కంపెనీ వైర్లు కొన్నేళ్లకు లోపలంతా పచ్చబడటం చాలామంది చూసే ఉంటారు. మధ్యలో ఆ పచ్చదనం వల్ల శబ్దానికి పెద్ద నష్టం లేదు. స్క్రూ కింద బిగించిన కొనలో ఏర్పడితేనే ఒక స్పీకరు ఉన్నట్టుండి మందగించడం, కదిలిస్తే మళ్లీ పలకడం మొదలవుతాయి. అల్యూమినియం పోగులకైతే ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటి మీద ఏర్పడే ఆక్సైడు పొర కరెంటును దాదాపు పోనివ్వదు, టంకం కూడా సరిగా అంటదు.

కంపెనీ వైరుకు కొనలో ప్లగ్గును ఫ్యాక్టరీలోనే పోతపోసి ఇస్తారు. చూడటానికి బాగుంటుంది, కొన్నాళ్లు నిశ్చింత కూడా. కానీ లోపల చిలుము పడితే విప్పి చూసే వీలు లేదు, మొత్తం వైరునే పారేయాలి. సొంతంగా చేసుకున్న దానికి పాడైన రెండు అంగుళాలు కోసి, కొత్తగా ఒలిచి, మళ్లీ బిగిస్తే పని పూర్తవుతుంది. నేను చేసుకోవడం వైపే మొగ్గడానికి డబ్బు కంటే ఇదే కారణం.

కొనను ఎలా ముగించాలన్న దానిలోనూ ఎంపిక ఉంది. పోగులన్నిటికీ టంకం పట్టించి స్క్రూ కింద బిగించడం మన దగ్గర చాలామందికి అలవాటు. టంకం మెత్తని లోహం. స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణగి, కొన్ని నెలల్లో పట్టు వదులవుతుంది. కాబట్టి స్క్రూ టెర్మినలైతే టిన్ పూత ఉన్న రాగి పిన్ లగ్గు (వైరు కొనకు తొడిగే చిన్న లోహపు గొట్టం) తొడిగి, దాన్ని నొక్కి బిగించడానికే చేసిన క్రింపింగ్ ప్లేయరుతో నొక్కి, దాని మీద జిగురున్న హీట్‌ష్రింక్ స్లీవు (వేడి తగిలితే ముడుచుకొని అతుక్కునే తొడుగు) వేయడం మేలు. స్పీకరు వెనక రంధ్రంలోకి నేరుగా దూర్చే బనానా ప్లగ్గు లోపల టంకం వేసే వీలుంటే టంకమే మంచిది, గాలి చొరబడదు. మామూలు కటింగ్‌ప్లేయరుతో నొక్కిన లగ్గు మాత్రం ఈ రెండిటి కంటే హీనం.

ప్లేయరు నుంచి ఆంప్లిఫైయరుకు సిగ్నలు తెచ్చే ఆర్.సి.ఎ. వైర్ల విషయంలో నా సలహా మారుతుంది. చిన్న ప్లగ్గులో షీల్డు అల్లికకు (లోపలి వైరు చుట్టూ ఉండే సన్నని తీగల వలకు) టంకం వేసేటప్పుడు లోపలి ఇన్సులేషన్ కరిగి షార్టు కావడం తేలిక. చేయి అలవాటు లేనివారు ఒక మీటరు, రెండు మీటర్ల వైరు కొనుక్కోవడమే సుఖం. పొడవు కుదరక చేసుకోవలసి వస్తే రాగి అల్లిక ఉన్న మైకు వైరు తీసుకోవాలి. ఇంట్లో మిగిలిన డిష్ వైరుతో సరిపెడదామనుకుంటే, దాని అల్లిక ఎక్కువగా అల్యూమినియమే కావడం వల్ల టంకం నిలవదు. గ్రామఫోను రికార్డులు వినేవారు ఈ ఆర్.సి.ఎ. వైరును వీలైనంత పొట్టిగా ఉంచాలి. వైరు పొడవుతో పెరిగే కెపాసిటెన్సు (విద్యుదావేశాన్ని నిలువ చేసుకునే గుణం) మూవింగ్ మాగ్నెట్ రకపు కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే భాగం) స్వరాన్ని మార్చగలదు.

హెచ్.డి.ఎం.ఐ., ఆప్టికల్ వైర్లు ఇంట్లో చేసేవి కావు, కొనవలసిందే. ఆంప్లిఫైయరు పవర్ వైరు కంపెనీ ఇచ్చినదే ఉంచండి.

స్పీకరు వైరు కోసేటప్పుడు ప్రతి కొన దగ్గరా ఒక అడుగు మిగులు ఉంచి చుట్టి పెట్టండి. వానలు వెలిశాక, జనవరిలో, స్క్రూలు విప్పి చూస్తే కోయాలో వద్దో అప్పుడే తెలుస్తుంది.