కట్టెలు పేర్చినాయన గెలిచిన సీజన్

బ్రిటన్‌లో ఐటీవీ చానల్లో వచ్చే రియాలిటీ షో ‘ఐ యామ్ ఎ సెలెబ్రిటీ... గెట్ మీ అవుట్ ఆఫ్ హియర్!’ ఇప్పుడు మరీ నున్నగా తయారైంది. వచ్చేవాళ్లకి ఎక్కడ ఏడవాలో, ఎవరితో కలిసి తిరిగితే ఓట్లు పడతాయో ముందే తెలుసు. చూడాలంటే 2002 నాటి మొదటి సీజన్ చూడండి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అడవి, ఎనిమిది మంది సెలెబ్రిటీలు, రెండు వారాలు. జనం ఓట్లతో ఒక్కొక్కరే బయటికి, చివరిదాకా మిగిలినవాళ్లే విజేత. యాంకర్లు అప్పుడూ యాంట్, డెక్‌లే.

ఆట మొత్తం ఆకలి మీద నడుస్తుంది. ఇచ్చేది అన్నం, చిక్కుడు గింజలు. ఇంకేదైనా తినాలంటే ఒకరు వెళ్లి పురుగుల మధ్య పరీక్ష నెగ్గుకు రావాలి. ఎవరు వెళ్లాలో జనం ఫోన్ ఓట్లతో తేలుస్తారు. ఎవరు బాగా భయపడతారో వాళ్లనే పంపించాలని చూస్తారు, దుర్మార్గులు! నేనైనా అంతే చేసేదాన్నేమో.

కడుపు మాడేకొద్దీ మర్యాదలు పోతాయి. స్కాటిష్ కమెడియన్ రోనా కామెరాన్ ‘ఒక్కోసారి’ అని మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరు పేరునా కడిగేసే సీన్ కోసమైనా ఈ సీజన్ చూడొచ్చు. మనసు శక్తితో స్పూన్లు వంచుతానని చెప్పుకునే యూరీ గెల్లర్ ఓట్లని మాత్రం వంచలేక అందరికంటే ముందు బయటికొచ్చాడు. రెండో స్థానంలో నిలిచిన తారా పామర్ టామ్‌కిన్‌సన్ 2017లో చనిపోయింది. అది తెలిసి చూస్తుంటే ఆమె అల్లరికి నవ్వొస్తూనే మనసు చివుక్కుమంటుంది.

గెలిచింది టోనీ బ్లాక్‌బర్న్. 1967లో బీబీసీ రేడియో 1 మొదలైనప్పుడు వినిపించిన మొదటి డీజే గొంతు ఆయనదే. అరవైకి దగ్గరపడ్డ శాకాహారి. అడవిలో ఆయన పనల్లా కట్టెలు ఏరుకొచ్చి వరసగా పేర్చడం. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, నా పక్కన కూర్చుని ఊరికే చూసేవారు. ఆవిడ మొదట్లోనే తేల్చేశారు: “అమ్మాయ్, ఆ కట్టెలాయన ఒక్కడికే ఒళ్లు వంగుతోంది. మిగతావాళ్లంతా మాటలే.” నేనేమో తారా గెలవాలని కూర్చున్నాను.

కెమెరా పనితనం ఇప్పటితో పోలిస్తే నాటుగానే ఉంటుంది. మధ్యమధ్య మంటచుట్టూ కబుర్లు సాగుతూనే ఉంటాయి, నాకైతే అవే నచ్చాయి. పురుగుల భాగం కావాలంటే దాటేయండి, కథకేం లోటు రాదు. అన్నం ముందు కూర్చుని మాత్రం పెట్టుకోకండి.