సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్: మంచిదే, కానీ అన్నింటికీ కాదు

బర్న్స్ వార్డులో డ్రెస్సింగులు కట్టే పని నాది, కాబట్టి కాలిన గాయాలకు రాసే ఈ తెల్ల క్రీమ్‌తో (మందు ఒక శాతం) రోజూ సహవాసమే. చల్లగా ఉంటుంది, రాసేటప్పుడు పెద్దగా మండదు, సూక్ష్మక్రిములను బాగానే అదుపులో పెడుతుంది, ధర కూడా అందుబాటులోనే. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో (1980-88) మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు తగిలి ఒళ్లంతా బొబ్బలెక్కినవాళ్లకీ డాక్టర్లు దీన్ని వాడారు, ఎందుకంటే ఆ విషానికి విరుగుడు లేదు, కాలిన గాయంలాగే ఓపిగ్గా చూసుకోవాల్సిందే. పైగా అది తగిలిన వెంటనే ఏమీ తెలియదు, గంటల తర్వాత గానీ బొబ్బలు లేవవు, అప్పుడు కడిగినా లాభం తక్కువ. (బొబ్బలోని నీళ్లలో విషం ఉంటుందని భయపడతారు గానీ, ఉండదు.)

ఇక చిరాకు పెట్టే సంగతి, నేను మూడు స్టార్లే ఇవ్వడానికి కారణం. క్రీమ్, గాయం రసి కలిసి పసుపూ బూడిదా కలిసిన రంగులో పొరలా అతుక్కుంటాయి, అది చూసి చీము పట్టిందని బంధువులకి ఒకటే టెన్షన్. తడిపిన గాజుగుడ్డతో మెల్లగా తుడిచేదాకా కింద గాయం ఎంత లోతో డాక్టర్‌కీ అంతుపట్టదు. రోజూ మార్చాలి, మార్చిన ప్రతిసారీ పేషెంట్‌కి నరకమే. పైపైన కాలిన చిన్న గాయాలకైతే పారఫిన్ (మైనం లాంటి జిడ్డు) పట్టించిన గాజుగుడ్డ మేలు, ఈ క్రీమ్ వాటిని త్వరగా మాననివ్వదు. సల్ఫా మందులు (ఈ క్రీమ్‌లో ఉన్నదీ ఆ రకమే) పడనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు దీని జోలికి పోవద్దు, రెండు నెలల లోపు పసిపిల్లలకీ రాయకూడదు. మెడికల్ షాపులో మాత్రం ఇవేవీ అడక్కుండానే చేతిలో పెట్టేస్తారు.