వీటెడ్ బర్బన్ కొంటున్నారా? సీసా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి

అమెరికా నుంచి ఇంటికి వెళ్తూ బావగారికో స్నేహితుడికో మంచి విస్కీ పట్టుకెళ్దామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇండియా కస్టమ్స్ వాళ్లు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే వదులుతారు. ఆ రెండు లీటర్లలో మోసపోతే బాధగానే ఉంటుంది.

మా బావగారి రిటైర్మెంట్‌కి వెల్లర్ అనే వీటెడ్ బర్బన్ (గోధుమ కలిపిన అమెరికన్ మొక్కజొన్న విస్కీ) ఇద్దామని ఇక్కడ టెక్సస్‌లో ఒక లిక్కర్ షాపుని అడిగాను. "వెల్లర్ లేదు, దానికి సాటి వచ్చే వీటెడ్ బర్బన్ ఉంది, ఎనిమిదేళ్లది" అని మెసేజ్ పెట్టారు. 90 డాలర్లు కట్టించుకుని ఇంటికి పంపారు. సీసా ముందు పెద్దగా 8 అంకె ఉంది. వెనక లేబుల్ అడుగున, ఆవగింజంత అక్షరాల్లో, కనీసం 24 నెలలు నిల్వ చేసినది అని ఉంది. ఆ 8 బ్యాచ్ నంబరు! ఫోన్ చేస్తే, అమ్మిన మందు వెనక్కి తీసుకోం అని పెట్టేశారు. ఎనిమిదేళ్లని చెప్పి రెండేళ్ల సరుకు అంటగట్టడం నాకు మింగుడు పడలేదు.

లేబుల్ మీద వయసు గురించి అమెరికా చట్టం చాలా స్పష్టంగా ఉంది. పేరులో 'స్ట్రెయిట్' అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉండాలి. నాలుగేళ్లు నిండని విస్కీ అయితే వయసు లేబుల్ మీద వేసి తీరాలి. నాలుగు దాటితే వేయాలా వద్దా అన్నది వాళ్లిష్టం. అంటే వయసు గురించి ఒక్క మాటా లేని స్ట్రెయిట్ బర్బన్ కనీసం నాలుగేళ్లదని ధైర్యంగా అనుకోవచ్చు. వయసు దాచుకోవాలనుకునే వాళ్లు వెనక లేబుల్లో, నెలల్లెక్కన, చిన్నగా వేస్తారు. 24 నెలలు, 36 నెలలు అని కనపడితే అది కుర్ర సరుకే.

ఇంకో సంగతి. వేసే వయసు సీసాలో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నదానిది కావాలి. పదేళ్ల విస్కీలో రెండేళ్లది కొంచెం కలిపినా రెండేళ్లనే వేయాలి, లేదా ఏది ఎంత శాతమో విడివిడిగా చెప్పాలి. లెక్కలోకి వచ్చేది పీపాలో ఉన్న కాలమే. ఏడేళ్ల విస్కీని మీరు బీరువాలో ఇరవై ఏళ్లు దాచినా అది ఏడేళ్లదే. సీసా మీద లేజర్‌తో కొట్టే కోడ్ సాధారణంగా సీసాలో నింపిన తేదీ. దాన్ని చూపించి వయసు చెప్పే షాపు వాళ్లని నమ్మకండి.

అంకె ఒక్కటీ చూసి మోసపోకండి. పక్కన 'ఏజ్డ్', 'ఇయర్స్' అన్న మాటలు ఉండాలి. వెరీ ఓల్డ్ బార్టన్ అనే బర్బన్ మీద ఒకప్పుడు ఆరేళ్లని మాటల్లో ఉండేది, తర్వాత మాటలు పోయి 6 మాత్రం మిగిలింది. అది వీటెడ్ కాదు గానీ పద్ధతి తెలుస్తుంది. 'స్మాల్ బ్యాచ్', 'రిజర్వ్', 'ఓల్డ్' లాంటి మాటలకీ వయసుకీ సంబంధం లేదు.

ఇక వీటెడ్ అన్నది. బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగతా దాంట్లో మామూలుగా రై అనే ధాన్యం, కొంచెం మాల్ట్ చేసిన (మొలకెత్తించి ఆరబెట్టిన) బార్లీ వేస్తారు. రై బదులు గోధుమ వేస్తే వీటెడ్. మేకర్స్ మార్క్, లార్సెనీ, వెల్లర్, పాపీ వాన్ వింకిల్ ఈ కోవవే. వెల్లర్ స్పెషల్ రిజర్వ్ మీద ఒకప్పుడు ఏడేళ్లని ఉండేది, 2010 ప్రాంతంలో తీసేశారు. వెల్లర్ 12కి మాత్రం ఇప్పటికీ వయసు ఉంది. పాపీ పేరుకున్న గిరాకీ వల్ల, గోధుమ వేశాం అనగానే ధర పెంచి అమ్మే కొత్త బ్రాండ్లు బోలెడు వచ్చాయి. వీటెడ్ అంటే ధాన్యం సంగతే, వయసు సంగతి కాదు. నా నాలుకకైతే కుర్ర వీటెడ్‌లో పచ్చి పిండి వాసన తగులుతుంది, పంచదార పాకం రుచి వెనకబడిపోతుంది. రంగు చూసి వయసు చెప్పలేం, చిన్న పీపాలో తొందరగా ముదురు రంగు వస్తుంది.

కుర్ర విస్కీ తాగకూడదని నేననను. రెండేళ్లదని చెప్పి, ఆ ధరకే అమ్మితే ఎవరికీ ఇబ్బంది లేదు. గిఫ్ట్‌కి భరోసా కావాలంటే 'బాటిల్డ్ ఇన్ బాండ్' అన్న మాట వెతకండి. 1897 నాటి చట్టం అది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచి, నాలుగేళ్లకి తగ్గకుండా నిల్వ చేసి, 100 ప్రూఫ్‌లో, అంటే 50 శాతం ఆల్కహాల్‌తో, నింపాలి. ఓల్డ్ ఫిట్జ్‌గెరాల్డ్ బాటిల్డ్ ఇన్ బాండ్ వీటెడ్‌లోనే దొరుకుతుంది.

ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో కొనేటప్పుడు డబ్బు కట్టకముందే వెనక లేబుల్ ఫోటో అడగండి. వయసు ఎంతో మెసేజ్‌లో రాయించుకోండి. నా దగ్గర ఆ "ఎనిమిదేళ్లది" అన్న మెసేజ్ ఉంది కాబట్టే కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేయగలిగాను. ఇంకా తేలలేదు, తేలగానే ఇక్కడే రాస్తాను.