చాందాలో సంత్రా నూనె కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

దుకాణం పేరు రాయను. చాందా (మహారాష్ట్రలోని చంద్రపూర్) బజారులో అగరుబత్తులు, అత్తర్లు, నూనెలు అమ్మే ఆ షాపు మన తెలుగువాళ్లందరికీ తెలిసిందే. బల్లార్షా, రాజురా నుంచి పెళ్లి సామానుకు వచ్చేవాళ్లు కూడా అక్కడ ఆగకుండా వెళ్లరు. "అసలైన నాగపూర్ సంత్రా నూనె, మోకాళ్ల నొప్పులకు రామబాణం" అని యజమాని అంటే 15 మిల్లీలీటర్ల సీసాకు 450 రూపాయలు పోసి మా అత్తగారి కోసం కొన్నాను. ఏమీ కలపకుండా నేరుగా రుద్దమన్నాడు. పరగడుపున నీళ్లలో నాలుగు చుక్కలు వేసుకుని తాగితే ఒళ్లు కూడా తగ్గుతుందన్నాడు. అదొక్కటీ చేయలేదు, బతికిపోయాం.

వారం తిరగకముందే ఆవిడ మోకాళ్లు ఎర్రగా వాచి, చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. దురదతో రాత్రంతా నిద్ర లేదు. చర్మ డాక్టరు సీసా మూత తీసి ఒకసారి వాసన చూసి పక్కన పెట్టేశారు. సంత్రా (కమలాపండు) తొక్క గిల్లితే వచ్చే పరిమళం ఎక్కడిది, కొత్తగా రంగు వేసిన తలుపు వాసన! ఈ నూనెలో నూటికి 90 పాళ్లకు పైగా లిమోనీన్ అనే పదార్థమే ఉంటుందట. గాలి, వెలుతురు, వేడి తగిలితే అది ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది, ఆ చెడిన నూనే చర్మానికి అలర్జీ తెస్తుంది. ఆ షాపులో సీసాలు ఎక్కడ పెడతారో మీకు తెలుసు కదా, వీధి వైపు అద్దాల బీరువాలో, ఎండ పడే చోట, రంగు లేని గాజు సీసాల్లో. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో! డ్రాపర్ రబ్బరు బుడ్డి ఉబ్బిపోయి వేలికి జిగటగా అంటుకుంటోంది. అది పట్టుకుని చూసి మరీ కొన్న నా తెలివికి దండ వేయాలి.

అసలు ఒళ్లు మండింది నిన్న, సీసా తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు. కొన్న రోజు "తాయీ, తాయీ" (మరాఠీలో అక్కా) అంటూ స్టూలు వేసి టీ తెప్పించిన మనిషి నిన్న తలే ఎత్తలేదు. ఫోనులో ఫొటోలు చూపించాను. "తేడా మీ వాళ్ల చర్మంలో ఉంది, మా నూనెలో కాదు" అన్నాడు హిందీలో. తరువాత పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి, నవ్వుతూ, మరాఠీలో అన్నాడు: "పాత సీసాలు ముందు తెలుగువాళ్లకే ఇవ్వమని అందుకే చెప్పాను. వీళ్లకేం తెలుస్తుంది?"

నేను పుట్టింది చాందాలో. పదో తరగతి దాకా చదివింది మరాఠీ మీడియంలో. బదులు కూడా మరాఠీలోనే ఇచ్చాను, ఏమన్నానో ఇక్కడ రాయదగినది కాదు. ఆ కుర్రాడు పాపం సీసాలు తుడిచే గుడ్డ కింద పడేసి లోపలికి జారుకున్నాడు. యజమాని మాత్రం ఏమాత్రం తడబడలేదు. "మరాఠీ వచ్చా తాయీ? ముందే చెప్పవలసింది!" చెబితే కొత్త సీసా ఇచ్చేవాడన్నమాట. డబ్బు మాత్రం ఇవ్వలేదు.

ఇంకో విశేషం. సీసా మీద స్వీట్ ఆరెంజ్ అని ఉంది. అది బత్తాయి జాతి, సిట్రస్ సినెన్సిస్. నాగపూర్ సంత్రా వేరే జాతి, సిట్రస్ రెటిక్యులేటా. ఏ పండు నూనె అమ్ముతున్నాడో ఆ మహానుభావుడికే తెలియదు.

కొనక తప్పదంటే ముదురు గోధుమరంగు సీసా, దాని మీద మొక్క శాస్త్రీయ నామం, తేదీ చూసి కొనండి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. చెంచాడు కొబ్బరినూనెకు రెండు చుక్కలు చాలు, అదీ ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూశాకే. తాగవద్దు. పిల్లలు మింగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దీపం దగ్గర పెట్టకండి, అంటుకుంటుంది. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఈ నూనె పడదు.

మిగిలిన నూనె నేను పారబోయలేదు. స్టీలు డబ్బాల మీద స్టిక్కర్ల జిగురు దీనితో శుభ్రంగా వదులుతోంది. చేతికి తొడుగులు వేసుకునే తుడుస్తున్నాను.