రుమటాలజీ పరిశోధకుడి స్థాయి కొలవాలంటే: మొత్తం సైటేషన్లా, హెచ్-ఇండెక్సా, ఇంకేదైనానా?

ఇద్దరు రుమటాలజీ పరిశోధకులు ఉన్నారనుకుందాం. ఒకరివి 40 పేపర్లు, 12,000 సైటేషన్లు (ఇతర పేపర్లు ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 18. ఇంకొకరివి 150 పేపర్లు, 5,000 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 36. అవార్డు కమిటీలో కూర్చున్నవాళ్లు ఎవరివైపు మొగ్గాలి? ఒక్క అంకెనే చూసి తేల్చాల్సి వస్తే నేను హెచ్-ఇండెక్స్‌నే నమ్ముతాను. మిగతా శాస్త్రాల సంగతి ఎలా ఉన్నా, కీళ్లవాతాల పరిశోధనలో మొత్తం సైటేషన్ల లెక్క దారి తప్పించడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించాడు. హెచ్ 36 అంటే, ఒక్కొక్కటీ కనీసం 36 సార్లు ఉదహరించబడిన పేపర్లు 36 ఉన్నాయని. ఏదో ఒక్క పేపరు పదివేల సైటేషన్లు తెచ్చుకున్నా ఈ లెక్కలో దానికి దక్కేది ఒక్క స్థానమే.

రుమటాలజీలో ఇది చాలా ముఖ్యం. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ లాంటి జబ్బులను ఒక్క రక్తపరీక్షతో ఖాయం చేయలేం. అందుకే పరిశోధనలో ఎవరిని రోగులుగా చేర్చుకోవాలో చెప్పే వర్గీకరణ ప్రమాణాలు కావాలి. నిపుణుల బృందాలు వాటిని తయారుచేసి ప్రచురిస్తాయి. ఆ తర్వాత ఆ జబ్బు మీద రోగులతో చేసే అధ్యయనాల్లో చాలావాటికి, పద్ధతుల విభాగంలో, ఆ పేపరును ఉదహరించక తప్పదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు 1987 ప్రమాణాలు (అచ్చయింది 1988లో), వాటి స్థానంలో వచ్చిన 2010 ప్రమాణాలు, లూపస్‌కు 1982 ప్రమాణాలు ఇలా వేలాది సైటేషన్లు కూడబెట్టుకున్నవే. వాటి విలువను తక్కువ చేయడం లేదు. కాని ఇలాంటి పేపర్లలో కొత్తవాటి మీద పదుల సంఖ్యలో పేర్లుంటాయి. ఏళ్లతరబడి సమాచారాన్ని జల్లెడ పట్టినవారికీ, రెండు సమావేశాల్లో అభిప్రాయం చెప్పినవారికీ సైటేషన్లు సమానంగా పడతాయి.

దీనికి ఇంకో మెలిక ఉంది. 2010 ప్రమాణాలను అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, యూరప్ సంస్థ యూలార్ కలిసి రూపొందించాయి. అదే పేపరు అటు అమెరికన్ కాలేజ్ పత్రికలో, ఇటు 'ఆనల్స్ ఆఫ్ ది రుమాటిక్ డిసీజెస్'లో ఒకేసారి వచ్చింది. 2019 లూపస్ ప్రమాణాలదీ ఇదే తీరు. చేసిన పని ఒకటే అయినా జాబితాలో రెండు పేపర్లు కనిపిస్తాయి. హెచ్ కూడా దీన్నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. అయితే ఒక స్థానం అదనంగా చేరుతుంది, అంతకుమించి పోయేది లేదు.

ఒకే పేపరు లెక్కంతా మోస్తోందా అని పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. మొత్తం సైటేషన్లను హెచ్ వర్గంతో భాగించండి. సాధారణంగా ఇది 3కూ 5కూ మధ్య వస్తుందని హిర్షే రాశాడు. పైన చెప్పిన రెండోవారికి 5,000ను 1,296తో భాగిస్తే దాదాపు 3.9. మొదటివారికి 12,000ను 324తో భాగిస్తే 37. అలాంటి అంకె కనబడగానే ఆ జాబితాలో అగ్రస్థానంలో ఉన్న పేపరు తెరిచి, రచయితల వరుసలో ఈయన పేరు ఎక్కడుందో చూడాలి. వైద్య పత్రికల్లో ఎక్కువ పని చేసినవారి పేరు మొదట, బృందాన్ని నడిపించినవారి పేరు చివర ఉండడం ఆనవాయితీ. మధ్యలో పదిహేడో పేరైతే ఆ పేపరు సైటేషన్లను పక్కన పెట్టి మళ్లీ లెక్కేయడమే న్యాయం. మొదటి పేరో చివరి పేరో అయితే మాత్రం నేను హెచ్‌ను పక్కనపెట్టి మొదటివారికే ఓటేస్తాను.

హెచ్ లోపాలు హెచ్‌కూ ఉన్నాయి. అది పెరుగుతుందే తప్ప తగ్గదు కనుక వయసు పైబడినవారికి అనుకూలం. మొదటి పేపరు నుంచి గడిచిన ఏళ్లతో భాగించి చూడడం కొంత మేలు. ఇక పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషిని అంచనా వేయడం గురించి చర్చే అనవసరం. అది ఒక పత్రికలోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు. అలా వాడొద్దని, పరిశోధన మూల్యాంకనంపై వచ్చిన 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన (డోరా) సూటిగానే చెప్పింది.

అంకె ఏ డేటాబేస్ నుంచి తీశారన్నది కూడా అడగాలి. గూగుల్ స్కాలర్ సిద్ధాంత వ్యాసాలు, ప్రీప్రింట్లు అన్నీ ఏరుకుంటుంది కాబట్టి అక్కడ హెచ్ తరచూ ఎక్కువగానే ఉంటుంది. రుమటాలజీ పెద్ద సదస్సుల సారాంశాలు పత్రికల అనుబంధ సంచికలుగా వస్తాయి. వెబ్ ఆఫ్ సైన్స్ వాటినీ చేర్చుకుంటుంది, స్కోపస్ సాధారణంగా చేర్చుకోదు. ఒకే మనిషి పేపర్ల సంఖ్య ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కనబడడానికి ఇదొక కారణం. ఇద్దరిని పోలిస్తే ఇద్దరివీ ఒకేచోట నుంచి తీయాలి. నేనైతే స్కోపస్ అంకె అడుగుతాను.

మొత్తం సైటేషన్లూ, హెచ్ కూడా అన్యాయం చేసేది అరుదైన జబ్బుల మీద పనిచేసేవారికి. పెద్ద ధమనులు వాచే టకయాసు ఆర్టరైటిస్ మీద రాసేవాళ్లే తక్కువ, కాబట్టి ఉదహరించేవాళ్లూ తక్కువ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ నిపుణుడితో వారిని హెచ్‌లో పోల్చడమే తప్పు. రంగం సగటుతో పోల్చే కొలమానాలు ఉన్నా, రుమటాలజీ మొత్తాన్ని ఒకే గంపలో వేస్తే ఈ తేడా పూర్తిగా పోదు. ఇక్కడ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ వారి రిలేటివ్ సైటేషన్ రేషియో నయం. ఒక పేపరుతో పాటు కలిపి ఉదహరించిన ఇతర పేపర్లనే దాని రంగంగా తీసుకుంటుంది, అంటే టకయాసు పేపరును దాదాపు దాని ఇరుగుపొరుగుతోనే తూస్తుంది. ఐసైట్ అనే సైట్లో ఉచితంగా దొరుకుతుంది, వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో ఉన్న పేపర్లకే పనిచేస్తుంది. రుమటాలజీ పేపర్లలో ఎక్కువ భాగం అక్కడ ఉంటాయి కనుక ఆ పరిమితి పెద్ద అడ్డంకి కాదు.